ఉబ్బే లైఫ్ జాకెట్ కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది టెక్సస్‌లో, లేక్ ట్రావిస్‌కి దగ్గర్లో. ఎండాకాలం వచ్చిందంటే మనవాళ్ళు నాలుగు కుటుంబాలు కలిసి పాంటూన్ బోటు అద్దెకు తీసుకోవడం, పులిహోర డబ్బాలు, కూలర్లు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అంతా కలిసి చెరువు మీదికి. నాకో చిన్న పడవ ఉంది కాబట్టి లైఫ్ జాకెట్ల గురించి ఫోన్లు నాకే వస్తాయి, అందులోనూ మెడలో కండువాలా వేసుకునే ఆ సన్నటి నల్ల జాకెట్ గురించి. ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అసలు ఇదేంటి? మామూలు నారింజ రంగు జాకెట్‌కీ దీనికీ తేడా ఏంటి?

ఊళ్ళో బావిలో ఈత నేర్చుకున్నవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నారింజ జాకెట్, అంటే లోపల ఫోమ్ ఉండేది, నడుముకి కట్టుకునే బెండు లాంటిది, ఇది లారీ ట్యూబు లాంటిది. బెండు ఎప్పుడైనా తేలుతుంది, దానికి మీరు చేయాల్సింది ఏమీ లేదు. ట్యూబు గాలి ఉంటేనే తేలుతుంది.

ఈ జాకెట్ లోపల మడతపెట్టిన ఒక సంచి, దానికి బిగించిన చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, ఆ సిలిండర్ మూతిని పొడిచే సూది, చేత్తో లాగి ఉబ్బించడానికి ఒక తాడు, అదీ పనిచేయకపోతే నోటితో ఊదడానికి ఒక గొట్టం ఉంటాయి. సూది పొడవగానే గ్యాస్ సంచిలోకి పోయి కొన్ని సెకన్లలో మెడ చుట్టూ దిండులా ఉబ్బుతుంది. ఉబ్బేదాకా అది నీళ్ళలో మీకు చేసే సాయం సున్నా. అంటే మీరు కొంటున్నది చొక్కా కాదు, ఒక చిన్న యంత్రం, దానికి మెకానిక్ కూడా మీరే.

మరి ఇంత తలనొప్పి ఎందుకు, ఫోమ్ జాకెట్టే వేసుకుంటే పోలా?

వేసుకుంటే పోతుంది, కానీ వేసుకోరు, అదే బాధ. జూలైలో ఇక్కడ 40 డిగ్రీల ఎండలో ఆ ఫోమ్ జాకెట్ వేసుకుని పది నిమిషాలు కూర్చుంటే ఒళ్ళంతా ఉడికిపోతుంది, విప్పి సీటు కింద తోసేస్తారు, ఇక పడవలోంచి పడినప్పుడు అది సీటు కిందే ఉంటుంది. అమెరికా కోస్ట్ గార్డ్ 2023 లెక్కల్లో సరదా పడవ ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 564 మంది. కారణం తెలిసిన మరణాల్లో నాలుగింట మూడొంతులు మునిగిపోవడమే, అలా మునిగినవాళ్ళలో 87 శాతం మంది ఒంటిమీద జాకెట్ లేదు. ఉబ్బే జాకెట్ పొద్దుట వేసుకుంటే సాయంత్రందాకా ఉందనే గుర్తుండదు. దాని గొప్పతనం అంతవరకే.

నాకు ఈత రాదు. ఇది కొనుక్కోవచ్చా?

వద్దు. ఫోమ్ కొనుక్కోండి.

ఈ ప్రశ్నకు చాలామంది వేరే జవాబు ఆశిస్తారని తెలుసు, "ఆటోమేటిక్ కదా, దానంతటదే ఉబ్బుతుంది కదా" అంటారు. ఉబ్బుతుంది, అన్నీ సరిగ్గా ఉంటే. సిలిండర్ వదులైపోయి ఉంటేనో, పోయినసారి వాడిన సిలిండర్ మార్చకపోతేనో ఉబ్బదు. అప్పుడు నీళ్ళలో తల పైకి ఉంచుకుంటూ తాడు వెతికి లాగాలి, అదీ పనిచేయకపోతే గొట్టంలోంచి నోటితో ఊదాలి. ఈత వచ్చినవాడికే అది కష్టం. ఈత రానివాడు భయంతో చేతులు కొట్టుకుంటాడు గానీ తాడు ఎక్కడ వెతుకుతాడు? కోస్ట్ గార్డ్ కూడా ఈత బాగా వచ్చినవాళ్ళకే ఇవి అంటుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి ఇది తగిలించి "మీకేం టెన్షన్ లేదు నాన్నా" అనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా టెన్షన్.

పాపికొండలు లాంటి చోట టూరిస్టు బోట్లలో ఇవి పెడితే బాగుంటుంది కదా?

నాకు అలా అనిపించదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరి సుడిలో టూరిస్టు లాంచీ బోల్తాపడినప్పుడు అందులో 77 మంది ఉన్నారు, బయటపడింది 26 మంది. పక్క ఊళ్ళవాళ్ళు పడవలేసుకుని వెళ్ళి వాళ్ళని ఒడ్డుకు చేర్చారు. వరద గోదావరిలో, ఈత రాని జనంతో వెళ్ళే లాంచీలో కావాల్సింది ఎవరూ సర్వీసు చేయక్కర్లేని ఫోమ్ జాకెట్, అదీ దిగేదాకా ఒంటిమీదే.

ఇంకో సంగతి, కప్పు ఉన్న కేబిన్‌లో ఆటోమేటిక్ జాకెట్ ప్రమాదం. కేబిన్‌లోకి నీళ్ళు రాగానే అది ఉబ్బి మిమ్మల్ని కప్పుకి నొక్కేస్తుంది, కిందకి మునిగి తలుపులోంచి బయటికి రాలేరు. విమానంలో "బయటికి వచ్చాకే గాలి నింపండి" అని చెప్పేది అందుకే. 1996 నవంబరు 23న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేస్తే ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో పడింది, చాలామంది లోపలే జాకెట్లు ఉబ్బించుకుని బయటపడలేకపోయారు. అప్పటినుంచి ఆ ఎయిర్‌హోస్టెస్ చెప్పేది నేను ఫోన్ పక్కనపెట్టి వింటాను. ఫోమ్ కూడా కేబిన్‌లో పైకి నెడుతుంది, కాదనను, కానీ ఇంత బలంగా కాదు. అందుకే ఏ జాకెట్ వేసుకున్నా ఆరుబయట డెక్ మీద కూర్చోవడమే మేలు.

ఆటోమేటిక్ తీసుకోవాలా, మాన్యువల్ తీసుకోవాలా?

మాన్యువల్‌లో తాడు లాగితేనే ఉబ్బుతుంది. ఆటోమేటిక్‌లో నీళ్ళలో పడగానే ఉబ్బుతుంది, తాడు కూడా ఉంటుంది. తలకి దెబ్బ తగిలి స్పృహ లేకుండా పడేవాళ్ళు తాడు లాగరు కాబట్టి, పడవ నడిపేవాళ్ళకీ, ఒంటరిగా వెళ్ళేవాళ్ళకీ, సెయిలింగ్ చేసేవాళ్ళకీ ఆటోమేటిక్. కయాక్, ప్యాడిల్ బోర్డు లాంటివాటిలో ఊరికే తడుస్తారు, మాటిమాటికీ పడతారు, పడ్డప్పుడల్లా ఉబ్బితే జేబు ఖాళీ, అక్కడ మాన్యువల్.

ఆటోమేటిక్‌లో మళ్ళీ రెండు రకాలు. ఒకదాంట్లో నీళ్ళలో కరిగే చిన్న బిళ్ళ ఉంటుంది, బాబిన్ అంటారు. అది స్ప్రింగుని ఆపి ఉంచుతుంది, కరగ్గానే స్ప్రింగు సూదిని తోస్తుంది. రెండోది నీటి ఒత్తిడితో పనిచేసేది, స్వీడన్‌లో మొదలైన హామర్ రకం, సుమారు 10 సెంటీమీటర్ల లోతుకి మునిగితేనే పేలుతుంది. మొదటిది చవక. రెండోది ఖరీదు, కానీ వానకీ, తుంపరకీ, పడవ అడుగున చేరిన తేమకీ చలించదు.

వానలో తడిస్తే దానంతటదే ఉబ్బిపోతుందా?

కొత్త బాబిన్ అయితే మామూలు వానకి పేలదు. పాతబడ్డ బాబిన్, తేమ పట్టింది అయితే పేలుతుంది, నాది పేలింది. ఒకసారి చెరువు నుంచి వస్తూ తడి తువ్వాళ్ళ కింద జాకెట్ కుక్కి డిక్కీలో పడేశాను, ఇంటికి ఇంకో పది నిమిషాలుందనగా వెనక ధబ్బుమని మోత, టైరు పేలిందనుకుని హైవే పక్కన ఆపి దిగి చూస్తే డిక్కీలో పసుపురంగు దిండు ఒకటి ఉబ్బి కూర్చుంది. మా ఆవిడ నవ్వు ఆపడానికి చాలాసేపు పట్టింది. తప్పు పూర్తిగా నాదే, బాబిన్ మీద తేదీ దాటి ఏడాది అయింది. ఆరబెట్టి, గాలి తగిలేచోట హ్యాంగరుకి తగిలించి ఉంచాలి, మూసిన డిక్కీలో, తడి పెట్టెలో కాదు. ఎండలో నిలబెట్టిన కారు కూడా వద్దు, సిలిండర్‌కి అంత వేడి మంచిది కాదు.

50, 100, 150, 275 అని న్యూటన్లు రాసి ఉంటాయి. ఎంత కొనాలి?

10 న్యూటన్లంటే సుమారు ఒక కిలో బరువుని పైకి నెట్టే బలం అనుకోండి. 150 అంటే 15 కిలోలు. నీళ్ళలో మనిషి బరువు దాదాపు ఉండదు, తల పైన ఉంచడానికి పెద్దవాళ్ళకి అదనంగా 3 నుంచి 5 కిలోల బలం చాలు. మరి 15 ఎందుకంటే, స్పృహ లేనివాణ్ణి బోర్లా నుంచి వెల్లకిలా తిప్పాలి, అలలొచ్చినా మూతి నీళ్ళకి అందకుండా ఎత్తి పట్టాలి. ఆ పని 50 న్యూటన్ల చొక్కా చేయలేదు, అది ఒడ్డు పక్కన ఈత వచ్చినవాళ్ళకి సాయం మాత్రమే.

చెరువుకీ, తీరం దగ్గరికీ 150 తీసుకోండి, ఎక్కువ ఆలోచించొద్దు. 275 నడిసముద్రంలో బరువైన బట్టలు, పనిముట్లతో ఉండేవాళ్ళకి. మామూలుగా 150కి 33 గ్రాముల సిలిండర్ వస్తుంది. ఆ 33 గ్రాముల గ్యాసే బయటికి వస్తే 17 లీటర్ల చిల్లర చోటు ఆక్రమిస్తుంది, అంటే దాదాపు ఒక పెద్ద నీళ్ళ క్యాను. బొటనవేలంత సిలిండర్‌లో అంత ఉందంటే నాకు ఇప్పటికీ వింతే.

అమెరికాలో పాత జాకెట్ల మీద టైప్ 1, 2, 3 అని ఉంటుంది, 2014లో ఆ పద్ధతి తీసేయాలని నిర్ణయించి, కొత్తవాటి మీద 70, 100, 150 అని లెవెల్ వేస్తున్నారు. లేబుల్ మీద మనిషి బొమ్మ పక్కన వంపు బాణం ఉంటే అది మిమ్మల్ని వెల్లకిలా తిప్పగలదని, బాణం మీద కొట్టివేత గీత ఉంటే తిప్పలేదని. అంకెకన్నా ముందు ఆ బాణం చూస్తాను నేను.

నా బరువు 105 కిలోలు. నాకు పెద్ద సైజు, ఎక్కువ న్యూటన్లు కావాలా?

న్యూటన్లు అక్కర్లేదు. ఒంట్లో కొవ్వు తేలుతుంది, సన్నగా కండ పట్టినవాళ్ళే తొందరగా మునుగుతారు. మీరు చూడాల్సింది నడుము పట్టీ మీకు సరిపోతుందా లేదా. పట్టీ బిగించాక గుండెకీ పట్టీకీ మధ్య పిడికిలి పట్టాలి, అంతకన్నా వదులు వద్దు. దానిమీద కోటో రెయిన్ కోటో వేసుకోవద్దు, ఉబ్బినప్పుడు లోపల ఇరుక్కుని పక్కటెముకలు నలుగుతాయి. జాకెట్ ఎప్పుడూ అన్నిటికన్నా పైనే.

తొడల మధ్యనుంచి వచ్చే పట్టీ అవసరమా? ఇబ్బందిగా ఉంది.

అవసరం. అది లేకపోతే నీళ్ళలో జాకెట్ పైకి జరిగి చెవుల దాకా వస్తుంది, మనిషి కిందకి జారతాడు, మూతి నీళ్ళలో ఉంటుంది. చాలా జాకెట్లతో అది రాదు, విడిగా కొని కట్టుకోవాలి. చీరలో వచ్చే అమ్మలకి, అత్తయ్యలకి ఈ పట్టీ కుదరదు, బతిమాలో బామాలో ఆ ఒక్కరోజుకి ప్యాంటో చుడీదారో వేయించండి. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటే ఈత వచ్చినా కాళ్ళు కదలవు. ఇంకో మాట, పైటకి పెట్టుకున్న పిన్నీసు తీయించండి, సంచికి గుచ్చుకుంటే అంతే సంగతి.

పిల్లలకి?

అమెరికాలో వీటిమీద సాధారణంగా 16 ఏళ్ళు దాటినవాళ్ళకే అని రాసి ఉంటుంది. పిల్లలకి వాళ్ళ బరువుకి సరిపోయే ఫోమ్ జాకెట్. టెక్సస్‌లో 26 అడుగులకన్నా చిన్న పడవ కదులుతున్నంతసేపు 13 ఏళ్ళలోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి. పెరుగుతారు కదా అని రెండు సైజులు పెద్దది కొనొద్దు, అది స్కూల్ యూనిఫాం కాదు. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి, గడ్డం లోపలికి జారిపోతే అది వాళ్ళ సైజు కాదు.

పడవలో ఉంటే చాలా, ఒంటిమీదే ఉండాలా? పోలీసులు ఆపితే?

మామూలు జాకెట్ పెద్దవాళ్ళకి చేతికందేచోట ఉంటే లెక్కలోకి వస్తుంది. ఉబ్బేవి చాలావాటి మీద "వేసుకుంటేనే అప్రూవల్" అని ఉంటుంది, సీటు మీద పెడితే లేనట్టే. లేబుల్ చదవండి. సిలిండర్ వాడేసిందై ఉన్నా, సిలిండర్ దగ్గర ఉండే గుర్తు పచ్చగా కాకుండా ఎర్రగా ఉన్నా అది పనికొచ్చే జాకెట్ కింద లెక్కపెట్టరు. చట్టం సంగతి పక్కన పెట్టినా, నీళ్ళలో పడ్డాక జాకెట్ తొడుక్కున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

దీన్ని ఎలా చూసుకోవాలి?

ఇక్కడే అందరూ జారుకుంటారు. కొంటారు, రెండేళ్ళు కొక్కానికి వేలాడుతుంది, తీసి వేసుకుని వెళ్ళిపోతారు.

వేసుకునే ప్రతిసారీ జాకెట్ తెరిచి సిలిండర్‌ని చేత్తో తిప్పి చూడండి. పడవ అదురుకి మెల్లగా వదులవుతుంది, వదులైతే సూది అందదు. చేత్తో బిగిస్తే చాలు, పట్టుకారు వద్దు. పచ్చ గుర్తు కనిపిస్తోందా చూడండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. కొన్ని మోడళ్ళలో ఖాళీ సిలిండర్ ఉన్నా పచ్చే కనిపిస్తుంది. అప్పుడప్పుడు సిలిండర్ విప్పి మూతి చూడండి, చిల్లు ఉంటే అది అయిపోయిందే. లాగే తాడు బయటికి వేలాడుతూ ఉందో లేదో కూడా, మడతలో దూరిపోతే చీకట్లో వెతకలేరు.

ఏడాదికోసారి గొట్టంలోంచి నోటితో గట్టిగా ఊది, రాత్రంతా హాల్లో పడేయండి. పొద్దుటికి మెత్తబడితే ఎక్కడో కారుతోంది, అది ఇక వాడొద్దు. సిలిండర్‌ని వంటింట్లో తూకం మీద పెట్టండి, దాని ఒంటిమీదే మొత్తం బరువు ఎంతుండాలో చెక్కి ఉంటుంది. తేడా ఉంటే మార్చండి, తుప్పు కనిపించినా మార్చండి, ఎందుకంటే ఆ తుప్పు సంచిని గీరేస్తుంది. బాబిన్ మీద తేదీ చూసి కంపెనీ చెప్పిన గడువుకి మార్చాలి, హామర్ రకానికి మామూలుగా 5 ఏళ్ళు. ఒకసారి ఉబ్బితే సిలిండర్, బాబిన్ రెండూ కొత్తవి వేయాలి, మీ మోడల్ కిట్టే వేయాలి, "చూడ్డానికి ఒకేలా ఉంది" అని వేరే గ్రాములది బిగించొద్దు.

గాలి తీయాలంటే గొట్టం మూతని తిరగేసి వాల్వ్‌లోకి నొక్కి, సంచిని మెల్లగా చుట్టుకుంటూ రండి. ముక్కు దగ్గర పెట్టుకోవద్దు, వచ్చేది గాలి కాదు. మడతపెట్టడం దోసె చుట్టినట్టు కాదు, కంపెనీ ఇచ్చిన బొమ్మల కాగితం చూసి అలాగే మడవాలి.

నీళ్ళలో పడ్డాక ఏం చేయాలి?

కొన్ని సెకన్లు ఆగండి, ఉబ్బకపోతే తాడు బలంగా కిందకి లాగండి, అదీ కాకపోతే గొట్టం నోట్లో పెట్టుకుని ఊదండి. ఉబ్బాక మామూలుగా బోర్లా ఈత కొట్టడం కుదరదు, వెల్లకిలా పడుకుని చేతులతో తోసుకుంటూ వెళ్ళాలి. చలికాలంలో చన్నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరి ఎగదన్నుకొస్తుంది, ఆ ఒక్క నిమిషం ఏమీ చేయకుండా ఊపిరి కుదుటపడేదాకా తేలడమే పని. ఈల ఉంటే ఊదండి, అరుపుకన్నా దూరం వినిపిస్తుంది.

ఇదంతా చదివితే రాదు. కొన్న వారంలోనే స్విమ్మింగ్ పూల్‌లో దూకి ఒకసారి ఉబ్బించి చూడండి. ఒక కిట్ ఖర్చవుతుంది, అవనీయండి. నేను దూకినప్పుడు ఆ మోతకి, మెడ చుట్టూ ఆ బిగుతుకి ఒక్క క్షణం కంగారుపడిపోయాను, ఎదురుచూస్తూ దూకినవాణ్ణే.

నడుముకి కట్టుకునే బెల్టు రకం?

చూడ్డానికి బాగుంటుంది. ఉబ్బాక దాన్ని నీళ్ళలోనే తలమీదుగా వేసుకోవాలి, అది ఒంట్లో శక్తి ఉన్న ఈతగాళ్ళు ప్యాడిల్ బోర్డు మీద వాడుకునేది. మిగతావాళ్ళకి వద్దు.

చేపలు పట్టేటప్పుడు, జెట్ స్కీ మీద?

జెట్ స్కీకి, వాటర్ స్కీయింగ్‌కి ఇవి పనికిరావు, ఆ వేగంలో నీళ్ళని ఢీకొంటే తట్టుకునేది ఫోమే. చేపలకైతే చాలామంది ఇదే వాడతారు, చేతులు ఫ్రీగా ఆడతాయి కాబట్టి. గాలం ముల్లు, చాకు జాగ్రత్త, ముల్లు ఒకసారి జాకెట్‌కి తగులుకుంటే ఇంటికెళ్ళాక నోటితో ఊది చూడాల్సిందే.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా? ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా దొరుకుతున్నాయి.

ముందువాళ్ళు ఎలా చూసుకున్నారో మీకు తెలియదు, కాబట్టి పాతది నేను కొనను. చాలా కంపెనీలు సంచి ఆయుష్షు సుమారు 10 ఏళ్ళంటాయి. మరీ చవకవాటి లేబుల్ మీద కోస్ట్ గార్డ్ అప్రూవల్ నంబరు వెతకండి, అది లేకపోతే చట్టం ప్రకారం అది జాకెట్టే కాదు. ఇంకోటి, కొనేముందు ఆ మోడల్‌కి కిట్ ఎంతో, దొరుకుతుందో లేదో చూడండి. జాకెట్ చవక, కిట్ ఖరీదు అయ్యే బేరాలు ఉన్నాయి, ప్రింటర్ కొని ఇంక్ దగ్గర ఏడ్చినట్టు.

ఇండియా వెళ్తూ మా తమ్ముడికి ఒకటి తీసుకెళ్దామని. విమానంలో ఒప్పుకుంటారా?

మామూలు నియమం ప్రకారం జాకెట్‌లో రెండు చిన్న సిలిండర్ల దాకా, విడిగా ఇంకో రెండు స్పేర్ల దాకా ఒప్పుకుంటారు, కానీ ఎయిర్‌లైన్ అనుమతి ఉండాలి. టికెట్ బుక్ చేయగానే మెయిల్ పెట్టి జవాబు ప్రింట్ తీసుకోండి, కౌంటర్ దగ్గర సిలిండర్ చూసి కంగారుపడేవాళ్ళకి ఆ కాగితం చూపించొచ్చు. జాకెట్ కంపెనీ వాళ్ళ సైట్‌లో ఆ సిలిండర్ గురించి ఒక పేజీ ఉంటుంది, అదీ ప్రింట్ తీసి పక్కన పెట్టండి. ఆటోమేటిక్ అయితే బాబిన్ తీసి వేరే కవర్లో పెట్టండి, సిలిండర్ విప్పేయండి.

తీరా అక్కడికి చేరాక కిట్ ఎక్కడ దొరుకుతుందని తమ్ముడు అడుగుతాడు. అందుకే స్పేర్ సిలిండర్ రెండూ, బాబిన్లు రెండూ ఇక్కడే కొని తీసుకెళ్ళండి, వాటి తేదీలు ఒక కాగితం మీద తెలుగులో రాసి జాకెట్ జేబులో పెట్టండి. ముందు ఆ తమ్ముడికి ఈత వచ్చో రాదో కనుక్కోండి, రాకపోతే ఈ సామానంతా ఇక్కడే వదిలేసి అక్కడే ఒక మంచి ఫోమ్ జాకెట్ కొనివ్వండి.